బొత్తాం లేని కాజా

కోటు వేసుకున్న పెళ్లికొడుకును ఎదురుగా నిలబెట్టి ఒక్కసారి తేరిపార చూడండి. మెడ దగ్గర మొదలై రొమ్ము మీద రెండు వైపులా వెనక్కి మడిచిన పట్టీలు ఉంటాయి. టైలర్లు వాటిని ల్యాపెల్ అంటారు. ఎడమ పట్టీ మీద, పై మూలకు కాస్త కిందుగా, ఏటవాలుగా ఒక కాజా కనబడుతుంది. దానికి జతగా కుడివైపు బొత్తాం ఉందేమోనని వెతకండి. దొరకదు. బొత్తామే లేనప్పుడు కాజా ఎందుకు కుట్టినట్టు?

పోయిన వేసవిలో మా మేనల్లుడి రిసెప్షన్ దాకా నాకూ ఈ ప్రశ్న తట్టలేదు. ఎర్రగులాబీ, రెండు ఆకులు, తెల్లటి చిన్న పూల రెమ్మ కలిపి కట్టిన గుత్తిని వాడి కోటుకు పిన్నీసుతో గుచ్చారు. స్టేజీ ఎక్కేసరికి అది ముందుకు వాలింది. అరగంటకు తలకిందులైంది. అక్షింతలు వేయడానికి వచ్చిన పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ప్రేమగా దాన్ని సర్దబోయారు. దాంతో ఆకులు ఊడాయి, ఆ తర్వాత పువ్వూ రాలింది. ఆల్బమ్‌లో సగం ఫొటోల్లో పువ్వు లేదు, పిన్నీసు మాత్రం మెరుస్తోంది.

ఆ కోటును మా వీధి చివర టైలర్ గారికి చూపించాను. అరవై దాటిన మనిషి. బొటనవేలి గోటితో కాజాను గీరి చూసి, “కుట్టారు గానీ కొయ్యలేదమ్మా” అన్నారు. బ్లేడు తీసుకుని కుట్టు మధ్యలో ఒక్క గీత గీశారు, కన్నం తెరుచుకుంది. పట్టీని తిరగేసి, కన్నానికి రెండు వేళ్ల కింద, లోపలి వైపు దారంతో చిన్న ఉచ్చు వేశారు. పక్కింటి గోడ మీది నుంచి ఒక గులాబీ కోసి తెచ్చి, కాడను కన్నంలో దూర్చి, వెనక ఉచ్చులోంచి దించారు. కోటు పట్టుకుని దులిపారు. పువ్వు కదల్లేదు.

ఆ కన్నం ఎక్కడి నుంచి వచ్చిందా అని చదువుతూ పోతే మొదట నన్ను ఆపింది మన టైలర్ల మాటే. కాజా పోర్చుగీసు వాళ్ల కాసా. కాసా అంటే ఇల్లు. బొత్తాం వచ్చి కూర్చునే చోటు కాబట్టి దాన్ని ఇల్లన్నారు. (తినే కాజాకూ దీనికీ చుట్టరికం లేదు.) బొత్తాం కూడా ఓడల మీద వచ్చినదే, వాళ్ల బొతావ్ నుంచి. ఆ బొతావ్‌కు వాళ్ల భాషలో ఇంకో అర్థం ఉంది: మొగ్గ. ఫ్రెంచివాళ్ల మాటకూ అవే రెండు అర్థాలు. కోటుకు పెట్టుకునే పువ్వును ప్రపంచమంతా పిలిచే బుటోనియేర్ అన్న పేరు అందులోంచే పుట్టింది. నిజానికి ఆ మాటకు అసలు అర్థం కాజా అనే. ఇంగ్లండులో అయితే సూటిగా బటన్‌హోల్ అంటారు, కన్నానికీ పువ్వుకూ ఒకటే పేరు. “కాజాలు, బొత్తాలు” అని మన టైలర్లు రోజూ అనే మాటల్లో మొగ్గా, మొగ్గకో ఇల్లూ ఉన్నాయన్నమాట.

బొత్తాం చాలా పాతది. సింధు నాగరికత తవ్వకాల్లో కన్నాలు పెట్టిన గవ్వ బొత్తాలు దొరికాయి. అవి అలంకారానికి కుట్టుకున్నవి. బట్టకు గాటు పెట్టి, అంచులు పీచుపోకుండా దారంతో బిగించి, ఆ గాటులోంచి బొత్తాన్ని దూర్చి రెండు అంచులను కలపడం ఐరోపాలో 13వ శతాబ్దంలో వచ్చింది. ఒంటికి అతికినట్టుండే బట్టలు అప్పటి నుంచే సాధ్యమయ్యాయి. నా దృష్టిలో బొత్తాం కన్నా కాజాయే పెద్ద ఆవిష్కరణ. బొత్తాం ఎంత అందంగా ఉన్నా కన్నం లేకపోతే అది పూసే.

18వ శతాబ్దపు ఐరోపాలో సైనికుల కోట్లు, గుర్రపు స్వారీ కోట్లు మెడ దాకా బొత్తాలతో మూసుకునేవి. ఉక్కపోసినప్పుడు పై బొత్తాలు విప్పి అంచులను చెరోపక్కకు మడిచేవారు. మడిచిన భాగం లోపలి రంగు బయటికి కనిపించి బాగుండేది. పోనుపోను విప్పి మడవడం అవసరం పోయి సోకు అయింది. 19వ శతాబ్దం నడిచేకొద్దీ ఆ మడతను ఇస్త్రీతో, లోపలి గట్టి బట్టతో శాశ్వతంగా నిలబెట్టడం మొదలుపెట్టారు. అదే ల్యాపెల్. మడతతో పాటు పైనున్న కాజా కూడా రొమ్ము మీదికి తిరిగింది. మొదట్లో దానికి పని ఉండేది. చలిగాలి వీస్తే కాలర్ పైకెత్తి, కుడివైపు కాలర్ కింద దాచిన బొత్తానికి తగిలించుకునేవారు. తర్వాత్తర్వాత ఆ బొత్తాం పోయి, కాజా ఒంటరిదైంది.

అది ఎడమవైపే ఎందుకు ఉంది? మగవాళ్ల కోటులో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. పైకి వచ్చే అంచుకే కాజాలు కుడతారు. అంతే. గుండె ఉన్న వైపు కాబట్టి పువ్వు అక్కడ పెడతారన్న మాట తర్వాత చేరింది. చేరినందుకు నాకు సంతోషమే. ఆ చోటు మాత్రం కుట్టుపని ఇచ్చింది.

కాజా కథ అలా ఉండగా, పువ్వు వేరే దారిలో వస్తోంది. మురుగు వాసనలే రోగాలు తెస్తాయని ఐరోపా నమ్మిన రోజుల్లో చేతిలో సువాసన గుత్తి పట్టుకుని తిరిగేవారు. 1750లో లండన్ ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో ఖైదీల నుంచి జైలు జ్వరం పాకింది. అది టైఫస్. లండన్ మేయరుతో పాటు న్యాయమూర్తులు కూడా ఆ జ్వరానికి పోయారు. అప్పటి నుంచి పూలూ సువాసన మూలికలూ న్యాయస్థానపు అలవాటులో భాగమయ్యాయి. ఈనాటికీ అక్కడి న్యాయమూర్తులు కొన్ని సందర్భాల్లో పూలగుత్తి పట్టుకుని వస్తారు. టైఫస్‌ను తెచ్చేది వాసన కాదని, పేను అని ఆ తర్వాత ఎప్పటికో తెలిసింది. అప్పటికి పువ్వు మగవాడి దుస్తుల్లో చోటు సంపాదించుకుంది.

చేతిలోని గుత్తి కాజాలోకి ఎప్పుడు మారింది? దీనికి బాగా ప్రచారంలో ఉన్న కథ ఒకటుంది. పెళ్లినాడు విక్టోరియా రాణి తన గుత్తిలోంచి తీసి పువ్విస్తే, ఆల్బర్ట్ యువరాజు జేబుకత్తితో కోటుకు గాటు పెట్టి అందులో గుచ్చుకున్నాడని, మర్నాడే కోట్లన్నిటికీ అక్కడ కాజా వేయమని టైలర్లకు చెప్పాడని. వినడానికి ఎంత బాగుంటుందో! ఆ పెళ్లి 1840 ఫిబ్రవరి 10న లండన్ సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ప్రార్థనా మందిరంలో జరిగింది. రాణి తల మీద నారింజపూల దండ ఉంది. ఆల్బర్ట్ ఒంటి మీద ఉన్నది బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ సైనిక దుస్తులు. పతకాలతో నిండిన ఆ దుస్తులకు కత్తి పెట్టాడంటే నేను నమ్మను. పైగా ల్యాపెల్ కాజా గాలికి కాలర్ మూసుకోవడానికి పుట్టిందని కోటు కుట్టే వాళ్లందరికీ తెలుసు. ఒకరు కనిపెట్టిన సంగతి కాదిది. కాజా ఖాళీగా ఉంది, చేతిలో పువ్వుంది, దారిలో నడుస్తూ ఎవరో దూర్చారు, పక్కవాడు చూశాడు. చాలా ఆవిష్కరణలకు పుట్టినరోజు ఉండదు.

రోజూ ఒక పువ్వు పెట్టుకోవాలంటే మాత్రం పూలు చవకగా దొరకాలి. ఇక్కడే కథ వేగం అందుకుంది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది. గాజు ఇళ్లు కట్టి చలికాలంలోనూ పూలు పూయించడం మామూలు తోటమాలికి కూడా అందుబాటులోకి వచ్చింది. రైళ్లు వచ్చాక దూరపు తోటల పూలు తెల్లారేసరికి లండన్ కోవెంట్ గార్డెన్ మార్కెట్టుకు చేరేవి. ఆ మార్కెట్టులో కొని వీధుల్లో అమ్మేది పేద ఆడపిల్లలు. లండన్ పేదల బతుకుల మీద హెన్రీ మేహ్యూ రాసిన పెద్ద గ్రంథం 1851లో వెలువడింది. అందులో పూలమ్ముకునే ఇద్దరు అనాథ అక్కచెల్లెళ్లు కనిపిస్తారు. అక్కకు 15, చెల్లికి 11. ఆఫీసుకు పోయే దొరల కోట్లను అలంకరించింది ఆ చేతులే. తెల్లవారుజామున తడిపూలు విడదీసి, ఒక్కో పువ్వు పక్కన ఒక ఆకు చేర్చి దారం చుట్టే ఈ పని మన పూల అంగళ్లలో మాల కట్టే అమ్మల పనికి తోబుట్టువు. 1893లో పికడిల్లీ కూడలిలో ఎరోస్ విగ్రహం వెలిశాక దాని మెట్ల మీద బుట్టలు పెట్టుకుని కూర్చున్న పూలమ్మే ఆడవాళ్లు లండన్‌కే గుర్తు అయిపోయారు. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ నాయిక ఎలైజా కోవెంట్ గార్డెన్‌లో పూలమ్మే పిల్లే.

ఏ పువ్వు? ఈ ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన జవాబుల్లో ఒక్కటి ఇప్పటికీ చెక్కుచెదరలేదు: కార్నేషన్. కారణం దాని అందం కాదు, దాని తొడిమ. రేకుల కింద గట్టి ఆకుపచ్చ గొట్టం లాంటి పుష్పకోశం ఉంటుంది. కాజాలోకి దూరి బిగుసుకుంటుంది. పువ్వు కిందికి జారదు, పక్కకు తిరగదు. నీళ్లు లేకపోయినా సాయంత్రం దాకా వాడదు. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్షలకు ఈ పువ్వే పెట్టుకుని వెళతారు. మొదటి పరీక్షకు తెలుపు, మధ్యలో గులాబి రంగు, చివరి రోజు ఎరుపు.

గార్డెనియాను కూడా దొరలు ఇష్టపడ్డారు. అది మన గంధరాజమే. సువాసనలో దానికి సాటి లేదు. అయితే వేలు తగిలిన చోటల్లా రేకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆర్కిడ్ పేరు చెబితే జోసెఫ్ చాంబర్లిన్ గుర్తొస్తాడు. బర్మింగ్‌హామ్ నాయకుడు, తర్వాత వలసల మంత్రి. తన హైబరీ భవనంలో గాజు ఇళ్లు కట్టి ఆర్కిడ్లు పెంచాడు. ఒక కంటికి అద్దం, కోటుకు ఆర్కిడ్ లేకుండా కార్టూనిస్టులు అతన్ని గీసేవారు కాదు. 1881 ఏప్రిల్ 19న మాజీ ప్రధాని డిజ్రేలీ చనిపోతే రాణి ప్రిమ్‌రోజ్ పూలు పంపింది. ఆ తర్వాత ఏటా ఆ రోజున ఆయన అభిమానులు కోటుకు ప్రిమ్‌రోజ్ పెట్టుకునేవారు. 1892 ఫిబ్రవరి 20న ఆస్కార్ వైల్డ్ నాటకం ‘లేడీ విండర్మియర్స్ ఫ్యాన్’ తొలి ప్రదర్శనకు ఆయన మిత్రులు కొందరు ఆకుపచ్చ కార్నేషన్ పెట్టుకుని వచ్చారు. తెల్లపువ్వు కాడను రంగునీళ్లలో నిలబెడితే రేకులకు ఆ రంగు ఎక్కుతుంది. ప్రకృతిలో లేని ఆ పువ్వును చూసి ఊరంతా అర్థాలు వెతికింది. రెండేళ్లకు రాబర్ట్ హిచెన్స్ ‘ది గ్రీన్ కార్నేషన్’ అని ఏకంగా నవలే రాశాడు. రెండంగుళాల చోటులో మనిషి తన పార్టీని, తన దుఃఖాన్ని, తన ధిక్కారాన్ని పెట్టుకోగలిగాడు.

అసలైన పనితనం మాత్రం పట్టీ వెనక, ఎవరికీ కనబడని చోట సాగింది. పువ్వు దాహం తీర్చడానికి వేలెడంత గాజు గొట్టమో వెండి గొట్టమో చేసి, నీళ్లు పోసి, ల్యాపెల్‌కు తగిలించేవారు. డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో టీవీ ధారావాహికలో నటుడు డేవిడ్ సూషే కోటు మీద మెరిసే చిన్న వెండి పూలకుండీ ఆ కోవలోదే. అంతకన్నా గొప్పది దారపు ఉచ్చు. ఖర్చు లేదు, బరువు లేదు. కాడ కిందికి నిటారుగా నిలుస్తుంది, పువ్వు పైకి చూస్తుంది. మంచి కోటు కుట్టే వాళ్లు దాన్ని ఇప్పటికీ మానలేదు. దాన్ని మొదట వేసిన టైలర్ పేరు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

తర్వాత పూల దుకాణాల వాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. కాడను అంగుళం ఉంచి కోసి, పుష్పకోశంలోంచి సన్నటి తీగ అడ్డంగా గుచ్చి, రెండు కొసలూ కిందికి వంచి, సాగే ఆకుపచ్చ టేపు చుట్టేస్తారు. కాడ బలహీనంగా ఉన్న పువ్వు కూడా నిలబడుతుంది, ఆకులూ రెమ్మలూ కలపొచ్చు. ఒకేలాంటివి 20 కావాలన్నా ముందురోజు చేసి పెట్టుకోవచ్చు. పెళ్లిళ్లకు ఇది వరమే. కానీ తీగ, టేపు, ఆకులు చేరాక కాడ లావెక్కి కాజాలో పట్టదు. కాబట్టి పిన్నీసు వచ్చింది. పిన్నీసు ఉంది కదా అని రెడీమేడ్ కోట్లలో కాజాను కుట్టి, కొయ్యడం మానేశారు. ఇల్లుండీ తలుపు తెరవని స్థితి అలా వచ్చింది.

20వ శతాబ్దంలో యుద్ధాలు వచ్చాయి, జీవితం తొందరదైంది, కోటే రోజువారీ దుస్తుల్లోంచి తప్పుకుంది. దానితో పాటు పువ్వూ వీధిని వదిలి పెళ్లిలో తలదాచుకుంది. అక్కడ దానికో చక్కటి మర్యాద ఏర్పడింది. పెళ్లికూతురి చేతి గుత్తిలో ఉన్న పువ్వే పెళ్లికొడుకు కాజాలో ఉంటుంది. తోడిపెళ్లికొడుకు, తండ్రులు, అన్నదమ్ములు మరో పువ్వు గానీ, మరో రంగు గానీ పెట్టుకుంటారు. కొత్తగా గుమ్మంలోకి వచ్చిన వాళ్లకు కూడా ఎవరు ఎవరో చూడగానే తెలుస్తుంది.

మన దేశంలో ఈ పువ్వు పేరు చెబితే నెహ్రూ గుర్తుకు రానివాళ్లు ఉండరు. ఆయన వేసుకునే అచ్కన్‌కు ల్యాపెల్ లేదు, మెడ దాకా బొత్తాలే. అయినా రొమ్ము దగ్గర ఒక కాజాలో ఎర్రగులాబీ మొగ్గ ఉండేది. పరాయి అలవాటును మన దుస్తులకు ఆయన ఎంత సహజంగా కలిపారంటే, పిల్లలు నవంబర్ 14న ఆయన బొమ్మ వేస్తే ముందు ఆ గులాబీనే వేస్తారు.

తెలుగు పెళ్లిలో పూలకు కరువెప్పుడు? జడలో, మెడలో, గుమ్మానికి, పందిరికి, పల్లకికి అన్నిటికీ పూలే. కానీ మగవాడి బట్టకు గుచ్చిన పువ్వు మన పాత పద్ధతిలో లేదు. పంచె, కండువా కుట్టని బట్టలు. కుట్టని బట్టకు కాజా ఉండదు. అందుకే మన పెళ్లికొడుకు పువ్వును మెడలో దండగా వేసుకున్నాడు. కోటు పువ్వు మన ఊళ్లకు చర్చి దారిలో వచ్చింది. 1842లో గుంటూరులో లూథరన్ మిషన్ మొదలైంది. కోస్తా క్రైస్తవ కుటుంబాల్లో తెల్లచీర, మేలిముసుగు, చేతిలో పూలగుత్తితో పెళ్లికూతురు, సూటుకు పువ్వుతో పెళ్లికొడుకు తరాల నుంచీ ఉన్న దృశ్యం. ఇప్పుడు రిసెప్షన్ పుణ్యమా అని అన్ని ఇళ్లలోనూ కోటు వచ్చింది, వెంట పువ్వూ వచ్చింది.

ఇక్కడ మన ఎండ సంగతి కూడా ఆలోచించాలి. వైశాఖంలో ముహూర్తం పెట్టుకుని గంధరాజం ఎంచుకుంటే స్టేజీ ఎక్కేలోపే అది కమిలిపోతుంది. గులాబీ కావాలంటే సగం విచ్చిన గట్టి మొగ్గ తీసుకోవాలి, పూర్తిగా విచ్చింది రేకులు రాలుస్తుంది. కార్నేషన్, చిన్న బటన్ చేమంతి, డెండ్రోబియం ఆర్కిడ్ ఈ వేడికి నిలుస్తాయి. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లో గానీ, గోదావరి జిల్లాల వాళ్లు కడియపులంక పూల మార్కెట్టులో గానీ ముందురోజే చూసుకోవచ్చు. తెచ్చిన పువ్వును కాడ ఏటవాలుగా కోసి, రాత్రంతా లోతు నీళ్లలో నీడన ఉంచాలి. ఆ ఒక్క రాత్రి తాగిన నీళ్లే మర్నాటి బలం. ఫొటోలకు ముందు పెట్టుకోవడం మేలు, కారు ఎక్కకముందు కాదు, సీటుబెల్టు దాన్ని నలిపేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం మన గజమాల. కోటు మీద బరువైన దండ పడితే ఏ పువ్వూ బతకదు. దండలు మార్చుకునే ముందు పువ్వు తీసి తోడిపెళ్లికొడుకుకు ఇవ్వండి, దండ తీశాక మళ్లీ పెట్టుకోండి. తడిగుడ్డలో చుట్టిన రెండో పువ్వు ఒకటి దగ్గర ఉంటే ఇంకా నిశ్చింత.

ఎన్ని పువ్వులు, ఎన్ని ఆకులు అని అడుగుతారు. ఒక్క పువ్వు చాలు. మంచి కార్నేషన్‌కు పక్కన ఆకు అక్కర్లేదు, రిబ్బను అసలు అక్కర్లేదు, పూసల పిన్ను అంతకన్నా అక్కర్లేదు. జేబురుమాలు రంగు పువ్వు రంగుతో పోటీ పడకపోతే చాలు.

కోటు కుట్టించుకునే అబ్బాయిలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ నాదొక విన్నపం. కొలతలు ఇచ్చే రోజునే టైలర్ గారితో రెండు మాటలు చెప్పండి: ఎడమ కాజా కోసి ఇవ్వమని, వెనక దారపు ఉచ్చు వెయ్యమని. రెడీమేడ్ కోటైతే పెళ్లికి వారం ముందే పట్టుకెళ్లి ఆ పని చేయించండి. బ్లేడు మీరు పట్టకండి, కుట్టు తెగితే కాజా పీచుపోతుంది. చేయి తిరిగిన టైలర్‌కు అది పది నిమిషాల పని.